ఐలమ్మ తిరగేసిన చేప

కామ్‌రేజ్ హైవే పక్కన భరద్వాజ్ టిఫిన్ సెంటర్‌లో పనిచేసే ఐలమ్మ, తొట్టిలోని ఖరీదైన చేపను దోశను తిరగేసినట్టు తిరగేసి చంపిందని సూరత్‌లోని తెలుగువాళ్లందరికీ తెలుసు. కామ్‌రేజ్‌లో బయలుదేరినప్పుడు కథ ఇంతే. కతర్‌గామ్ చేరేసరికి ఆమె తిరగేసే ముందు కాస్త నూనె కూడా వేసింది. లింబాయత్‌లో ఉప్పూ కారం పట్టించింది. బార్డోలీ బస్సెక్కిన కథలోనైతే ఆ చేపను ముక్కలు చేసి మసాలా దోశలో పెట్టి, ఉల్లిపాయ కూడా ముట్టని ఒక గుజరాతీ కుటుంబానికి వడ్డించారు. వాళ్లు బాగుందని ఇంకోటి తెప్పించుకున్నారు.

ఇందులో ఒక్క ముక్క నిజం. ఐలమ్మ చేపను తిరగేసింది. అదేమంత వింత కాదు. ఆమె తిరగేయని వస్తువులు సూరత్‌లో చాలా తక్కువ.

లింబాయత్‌లో మరమగ్గాలు నడిచే ఒక షెడ్డులో, అక్కడి మాటలో ఖాతాలో, ఐలమ్మ ఇరవై రెండేళ్లు చెకింగ్ పని చేసింది. మగ్గం నుంచి దిగిన గుడ్డను పొడవాటి బల్ల మీద లాగుతూ, తెగిన పోగు, దారం ముడి, నూనె డాగు కనిపించిన చోటల్లా చాక్‌పీసుతో గీత పెట్టాలి. ఆ ఖాతాలో పూల గుడ్డను బోర్లా నేసేవాళ్లు. మగ్గం మీద పైకి కనిపించేది దాని వీపు, ముఖం కిందికి ఉంటుంది. అందుకని గుడ్డ బల్ల మీదికి రాగానే ఆమె చేయి ముందు దాని అంచు పట్టుకుని తిరగేసేది, ఆ తర్వాతే కన్ను చూసేది. డాగు ఒక్క వైపే ఉంటే ఎవడో నూనె చేత్తో ముట్టుకున్నాడని అర్థం. రెండు వైపులా ఉంటే అది దారంలోనే ఉంది, నేసినవాణ్ణి తిట్టి లాభం లేదు. తిరగేసి చూడకుండా ఐలమ్మ ఎవరినీ తిట్టేది కాదు. చూశాక మాత్రం తిట్టకుండా వదిలేది కాదు.

ఇలాంటి పని ఒంటికి పడితే పోదు. కూరగాయల బండి దగ్గర వంకాయలతో ఆగక తక్కెడ పళ్లెం కూడా తిరగేసేది. గుళ్లో ఇచ్చిన దేవుడి క్యాలెండర్‌ను కళ్లకద్దుకునే ముందు వెనక్కి తిప్పేది. వెనకాల బనియన్ల ప్రకటన ఉంటే ఆ దేవుడు వంటింట్లోకి, లేకపోతే ముందుగదిలోకి. కొడుకు రాంప్రసాద్‌కు పిల్లను చూడబోయినప్పుడు, టీ తాగి సాసరు తిరగేసింది. అడుగున జిడ్డు లేదు. సంబంధం ఖాయమైంది. "మా అత్త నన్ను సాసరు కింద చూసి తెచ్చుకున్నది" అని కోడలు సుమన ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంది. వింటున్న ఐలమ్మకు అందులో నవ్వాల్సిందేముందో ఇప్పటికీ తెలియదు.

చిమ్మటలతో ఆమెకు పరిచయం ఆ చెకింగ్ బల్ల దగ్గరే అయింది. వాటిని ఆమె దీపం పురుగులంటుంది. వానాకాలం సాయంత్రాలు ట్యూబ్‌లైటు చుట్టూ తిరిగి తిరిగి గుడ్డ మీద వాలి, రెక్కలు పరుచుకుని కదలకుండా ఉండిపోయేవి. చూడటానికి అచ్చం నూనె డాగు. కొత్తగా పనిలో చేరిన పిల్లలు దాని చుట్టూ చాక్‌తో సున్నా చుట్టేవాళ్లు. డాగు ఎగిరిపోయేది, సున్నా మిగిలేది. ఐలమ్మ మాత్రం వేలి కొసతో దాన్ని వెల్లకిలా తిప్పి పొట్ట చూసేది. పొట్ట సన్నగా ఉంటే మగది, వెంటనే లేచిపోయేది. పొట్ట ఉబ్బి రెండు పక్కలా నిండుగా ఉంటే గుడ్ల మీదున్నది. అది ఎగరదు, తినదు, తిప్పినా కోపం తెచ్చుకోదు. బల్ల సందులో వరసగా గుడ్లు పెట్టుకునేదాకా దాని లోకం దానిది. ఐలమ్మ దాన్ని కాగితం మీదికెక్కించి బల్ల కిందికి చేర్చి, మళ్లీ మగ్గం మనుషులను తిట్టడంలో పడేది.

తర్వాత ఖాతా సేఠ్ కెమెరా ఉన్న మిషన్ కొన్నాడు. అది గుడ్డ రెండు వైపులనూ ఒకేసారి చూస్తుంది, టీ అడగదు, తిట్టదు. ఐలమ్మకు చీర పెట్టి దండం పెట్టాడు. ఆమె అక్కడే చీర విప్పి తిరగేసింది. రెండు డాగులు. పోయిన నెల తానే గీత పెట్టి పక్కన పడేసిన గుడ్డలోది.

రాంప్రసాద్ కామ్‌రేజ్‌లో ఇల్లు తీసుకున్నాక, ఇంట్లో తిరగేయాల్సినవన్నీ నాలుగు రోజుల్లో అయిపోయాయి. అయిదో రోజు సుమనే అత్తను భరద్వాజ్ టిఫిన్ సెంటర్‌కు తీసుకెళ్లి పనిలో పెట్టింది.

భరద్వాజ్‌ది కాకినాడ వైపు. ఇడ్లీ బాగా వేస్తాడు, వాస్తు బాగా నమ్ముతాడు. ఈశాన్యం మూల నీళ్లుండాలని ఎవరో చెబితే ఆరడుగుల అద్దాల తొట్టి పెట్టించి, అందులోకి చేపల వ్యాపారి ఓంప్రకాష్ దగ్గర ఒక చేపను తెప్పించాడు. పళ్లెంలా బల్లపరుపుగా ఉండి, గోధుమ రంగు ఒంటి మీద నారింజ చుక్కలు, వెనకాల ముల్లున్న తోక. తొట్టి పైన లక్ష్మీదేవి పటం. కొందరు పటానికి దండం పెట్టి, పనిలో పనిగా చేపకూ పెట్టేవాళ్లు.

"దీన్ని టేకు చేపంటారు ఐలమ్మా" అని మొదటి రోజే చెప్పాడు భరద్వాజ్. "మా వైపు సముద్రంలో దొరుకుతుంది, ఇది దాని చుట్టం, మంచినీళ్లది. మా అమ్మమ్మ వాళ్లు బాలింతలకు కూర వండి పెట్టేవారు. పాలు పడతాయని."

ఐలమ్మ అద్దానికి ముక్కు ఆనించి చూసింది. అడుగున ఇసుక మీద పరుచుకున్న చేప, ఒక్కసారి అంచులు అలలా ఊపి లేచి ఇంకో చోట వాలింది.

"చేపేంది సారూ? గిది దీపం పురుగు. నీళ్లల్ల వడ్డది, అంతే."

పక్క టేబుల్ దగ్గర పెసరట్టు తింటున్న ప్రణీత్‌కు పొలమారింది. ప్రణీత్ సూరత్‌లోనే డాక్టరు చదువుతున్నాడు, రెండో సంవత్సరం. దొరికినవాళ్లకల్లా పాఠం చెప్పకపోతే అతనికి తిన్నది అరగదు.

"ఆంటీ, ఇది చేప, వెన్నెముక ఉన్న జాతి. చిమ్మట పురుగు. రెండింటికీ సంబంధమే లేదు."

"దీనికి ఎముకుంటదా?"

ప్రణీత్ తన చెవిని పట్టుకుని వంచి చూపించాడు. "అసలు ఎముక కాదనుకోండి. మన చెవి డొప్పలో ఉంటుంది కదా, అలాంటి మెత్తటి గట్టిది."

"అంటే లేదన్నట్టే గద. పురుగుకూ లేదు. ఒకటైంది."

"అది వేరు ఆంటీ!"

"ఊపిరి యాడికెల్లి తీస్కుంటది?"

చేప కళ్ల వెనకాల రెండు చిల్లులు తెరుచుకుని మూసుకుంటున్నాయి. నోటితో పని లేకుండా నీళ్లు ఆ చిల్లుల్లోంచే లోపలికి పోతున్నాయి. చిమ్మట కూడా ఒంటి పక్కల చిల్లులతోనే గాలి పీలుస్తుందని ప్రణీత్‌కు తెలుసు. పరీక్షలో రాశాడు కూడా. అందుకే పెసరట్టు మీద మనసు పెట్టాడు.

"చెప్పవేంది డాక్టరు బిడ్డా? పురుగును ముట్టుకుంటే చేతికి పొడంటుతది, దీన్ని ముట్టుకుంటే జిగురంటుతది. అది గోడ రంగుల కల్సిపోయి కూసుంటది, ఇది ఇసుకల. దాని రెక్కల మీద గుండ్రంగ ఉండేటివి కండ్లు కావు. దీని మీద చుక్కలు కూడా కండ్లు కావు. నువ్వే చెప్పు, తేడా యాడున్నది?"

"ఇది దీపం దగ్గరికి వస్తుందా?" అని చివరి అస్త్రం తీశాడు ప్రణీత్.

"గీడ దీపం పెట్టిండా మీ సారు? పెట్టనీ, జూద్దాం."

రోజూ ఈ వాదం జరిగేది. హోటల్లో సగం మంది ప్రణీత్ వైపు, మిగతా సగం సాంబారు ఇంకా రాలేదని ఐలమ్మ వైపు చూసేవాళ్లు. తొట్టి అద్దం తుడిచే పని ఆమెదే కాబట్టి చేపకు కూడా ఆమె అలవాటైంది. ఒకరోజు గోడకు ఎగబాకినట్టు అద్దానికి అతుక్కుని పైకి పాకింది. తెల్లటి పొట్ట, దాని మీద చిన్న నోరు, నోటి పైన కళ్లలాంటి రెండు చిల్లులు. ఎవరో పిల్ల ముఖం నవ్వుతున్నట్టుంది. అవి కళ్లు కావు, ముక్కులని ప్రణీత్ చెప్పాడు. ఐలమ్మ వినలేదు. ఆమెకు వేరే విషయం దొరికింది.

"గిది బోర్లా నేసిన గుడ్డ" అంది. "మొకం కిందికున్నది. ఇన్ని దినాలు మనం దీని ఈపు సూసి మురుస్తున్నం."

నెల తిరిగేసరికి చేప తినడం తగ్గించింది. రొయ్య ముక్క వేసినా వాసన చూసి వదిలేసేది. ఒళ్లు రెండు పక్కలా ఉబ్బింది. ఇదివరకు తొట్టంతా తిరిగేది, ఇప్పుడు ఒక మూల ఇసుకలో పడి ఉంటోంది. భరద్వాజ్‌కు చూసిన రోజునుంచీ నిద్ర లేదు. ఈశాన్యంలో చావు జరిగితే హోటల్ ఏమవుతుందో వాస్తు పుస్తకంలో ఇంకా చూడలేదు, చూడటానికి భయం. ఓంప్రకాష్‌కు ఫోన్ చేశాడు. అతను ఆలోచించకుండా "గ్యాస్ హై సేఠ్, గ్యాస్. గురువారం వచ్చి తీసుకుపోతా, ఇంకోటి ఇస్తా. కుచ్ ఉల్టా సీదా ఖిలాయా హోగా, ఏదో పడనిది పెట్టుంటారు" అన్నాడు.

భరద్వాజ్ ఫోన్ పెట్టేసి వంటింటి వైపు తిరిగాడు.

"ఐలమ్మా! నిజం చెప్పు. దీనికి ఏం పెట్టావ్?"

"నేనేం పెడ్త సారూ?"

"నువ్వు గారె ముక్క వేయడం ప్రణీత్ చూశాడు."

ప్రణీత్ తల దించుకుని సాంబారులో ఏదో వెతికాడు.

"ఒక్కసారి ఏసిన" అంది ఐలమ్మ. "అది ముట్టనేలేదు. నీ గారె అసుంటిది."

ఈ మాట అనకుండా ఉంటే బాగుండేది. భరద్వాజ్ ముఖం ఎర్రబడింది. "గురువారం ఓంప్రకాష్ వస్తాడు. చేపను తీసుకెళ్తాడు. దానితోపాటు నీ లెక్క కూడా తేలుద్ది. నీవల్లే పాడైందని తేలితే శుక్రవారం నుంచి రావద్దు."

ఆ రోజు ఐలమ్మ ఇంటికొచ్చి అన్నం తినలేదు. సుమన అడిగింది, "ఏమైందత్తమ్మా?"

"నా మీద గీత పెట్టిండే. ఇరవై రెండేండ్లు అందరి మీద నేను పెట్టిన. ఒక్కదినం కూడా తిరగెయ్యకుండ పెట్టలే. గాయన పైకెల్లి సూసి పెట్టిండు."

"పోతే పోనీ. ఇంకో హోటల్ దొరుకుతది."

"హోటల్ సంగతి కాదు. ఆ డాగు ఒక్కదిక్కున్నదో రెండు దిక్కులున్నదో సూడాలె. పైనుంచి అంటిందా, లోపల్నే ఉన్నదా? సూసినంక నాదే తప్పయితే నేనే రాను."

మళ్లీ తనే, సగం తనతోనే అన్నట్టు, "తింటలేదు. లేస్తలేదు. పక్కలు రెండూ ఉబ్బినయి. దీపం పురుగయితే ఏమనేదాన్ని నేను?" అంది.

సుమన అత్త వైపు చూసింది. అత్త కళ్లు అప్పుడే చెకింగ్ బల్ల దగ్గరున్నట్టున్నాయి.

గురువారం పొద్దున పదింటికి హోటల్ నిండుగా ఉంది. ఓంప్రకాష్ పన్నెండుకు వస్తానన్నాడు. భరద్వాజ్ గల్లాపెట్టె దగ్గర ఉన్నాడు. ఐలమ్మ ఇడ్లీపిండి కలిపే పెద్ద ప్లాస్టిక్ టబ్బు కడిగి, తొట్టి నీళ్లు సగం దాకా పోసి, ప్రణీత్‌ను పిలిచింది.

"డాక్టరు బిడ్డా, ఇటు రా. సాక్ష్యం చెప్పిన నోరే గద నీది. ఇప్పుడు చేతులియ్యి."

"ఆంటీ, తోకలో ముల్లుంది! గుచ్చుకుంటే మనిషి మెలికలు తిరిగిపోతాడు!"

ఐలమ్మ కొంగు ముడిలోంచి ఒక బాబిన్ తీసింది. మగ్గానికి దారం చుట్టే ప్లాస్టిక్ గొట్టం. ఖాతా వదిలినా ఖాతా సామాన్లు ఆమెను వదల్లేదు. తొట్టిలోకి చేయి పెట్టి, చేపకు జడగంటలు తొడిగినంత నిదానంగా ఆ బాబిన్‌ను తోకకు ఎక్కించింది. తడిపిన గుడ్డను చేప కిందికి పోనిచ్చి, రెండు కొసలు ప్రణీత్‌కిచ్చి, రెండు తాను పట్టి ఎత్తి టబ్బులోకి దించింది. ఒక అంచు పైకి, ఇంకో అంచు కిందికి. ఇరవై రెండేళ్లలో లక్షసార్లు చేసిన పని. చేప వెల్లకిలా పడింది.

పడి, బిగుసుకుపోయింది. రెక్క కదల్లేదు. తోక కదల్లేదు.

"చచ్చింది!" అని ఎవరో అరిచారు. ఎవరో కుర్చీ తన్నుకుని లేచారు. ఒకాయన ఫోన్‌లో వీడియో తీస్తూ, తీస్తూనే వెనక్కి నడిచి సాంబారు బకెట్టులో కాలు పెట్టి, ఆ వీడియో అక్కడికే ఆపేశాడు. సూరత్ మొత్తం తిరిగింది ఆ వీడియోనే.

భరద్వాజ్ పరుగెత్తుకొచ్చాడు. "చంపేశావ్ కదమ్మా! లక్ష్మీదేవి ఎదురుగుండా చంపేశావ్! వెళ్లు, ఇప్పుడే వెళ్లు, మళ్లీ నా గుమ్మం తొక్కకు!"

ఐలమ్మ తల ఎత్తలేదు. పొట్ట మీద వేలు ఆనించకుండా, వేలెడు దూరంలో పెట్టి ఉంది. చెకింగ్‌లో కూడా అంతే, తడి డాగును ముట్టుకోకూడదు.

"సారూ. లొల్లి బందు చెయ్యి. ఇటు సూడు."

తెల్లటి చర్మం కింద కుడివైపు ఏదో మెత్తగా పొర్లింది. ఆగింది. ఎడమవైపు ఇంకోటి పొర్లింది. మడతలో ఇరుక్కున్న చిన్న గుడ్డముక్క లోపలే దులుపుకుంటున్నట్టుంది.

"రెండు దిక్కులున్నది" అంది ఐలమ్మ. "పైనుంచి అంటింది కాదు. లోపల్ది. నేను పెట్టిన గారె కాదు ఇది. కడుపుతోని ఉన్నది. గుడ్లున్నయి లోపట."

ప్రణీత్ వంగి చూసి, ఫోన్ తీసి వేగంగా చదివి, "అవునండీ, నిజమే" అన్నాడు నీరసంగా. "వెల్లకిలా తిప్పితే ఈ జాతి కాసేపు ఇలా బిగుసుకుపోతుందట. చావు కాదట."

ఐలమ్మ గుడ్డ అంచు లాగింది. చేప మామూలుగా తిరిగి, ఒక్క విదిలింపు విదిలించింది. టబ్బు నీళ్లు భరద్వాజ్ చొక్కా మీద, గల్లాపెట్టె మీద, ఇంకా పారిపోని ఇద్దరి ఉప్మా మీద పడ్డాయి.

పన్నెండింటికి ఓంప్రకాష్ వచ్చాడు. భరద్వాజ్ ఏమీ చెప్పకముందే తొట్టిలోకి ఒక్కసారి చూసి, "బహుత్ బీమార్ హై" అని చొక్కా చేతులు పైకి మడిచాడు. బదులు రెండు చేపలిస్తానన్నాడు. బేరమే లేదన్నాడు. ఇవాళే తీసుకుపోవాలన్నాడు.

ఐలమ్మ టేబుల్ తుడుస్తూ అతణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"సారూ, రోగమొచ్చిన ఒక్కదానికి మంచియి రెండిస్తడట. గీ మనిషిని కూడా జర తిరగేసి సూడు."

భరద్వాజ్ తడిచొక్కాలోనే ఓంప్రకాష్‌కు టీ తాగించి ఉత్త చేతులతో పంపేశాడు. సాయంత్రం ఐలమ్మ వెళ్లేటప్పుడు, ఎటో చూస్తూ, "రేపు కాస్త తొందరగా రా ఐలమ్మా. అద్దం బాగా మసకేసింది" అన్నాడు. అద్దం తళతళలాడుతోంది.

పదకొండో రోజు పొద్దున అద్దం తుడవబోతే, ఆ అద్దానికే లోపలివైపు మూడు పిల్లలు అతుక్కుని ఉన్నాయి. ఒక్కొక్కటి సాసరంత. తిరగేయాల్సిన పని లేకుండా మూడు చిన్న ముఖాలు ఆమె వైపే ఉన్నాయి. తల్లి ఇసుక దులుపుకుని రొయ్య కోసం తిరుగుతోంది.

ఐలమ్మ తొట్టి అడుగంతా వెతికింది. "గుడ్లు ఏవి?"

"ఇది గుడ్లు పెట్టదు ఆంటీ, పిల్లల్నే కంటుంది" అన్నాడు ప్రణీత్. చాలా రోజుల తర్వాత అతని ముఖం వెలిగింది. "చూశారా? చిమ్మట గుడ్లు పెడుతుంది. తేడా ఉందని నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నా."

"గదొక్కటే గద. మిగిలినయన్ని కల్సినయి." ఆమె భరద్వాజ్ వైపు తిరిగింది. "ఏం సారూ, బాలింతకు పెట్టే కూరనే బాలింతయింది. ఇప్పుడు దీనికేం పెడ్తరు మీ అమ్మమ్మోళ్లు?"

"ఇదంతా ఈశాన్యం మహిమ" అన్నాడు భరద్వాజ్, పటానికి కర్పూరం వెలిగిస్తూ. వెలుగు పడగానే ఒక పిల్ల అద్దం మీద ఆ వైపుకు పాకింది. ఐలమ్మ ప్రణీత్‌ను మోచేత్తో పొడిచింది. ప్రణీత్ చూడనట్టు నటించాడు.

మొన్న ఐలమ్మ బార్డోలీలో చుట్టాలింటికి వెళ్లి తిరిగి బస్సులో వస్తుంటే, పక్క సీటులో ఒక తెలుగామె పలకరించింది. ఎక్కడ దిగుతారని అడిగింది. కామ్‌రేజ్ అని తెలియగానే దగ్గరికి జరిగింది.

"అక్కడ చేపను దోశలో పెట్టిందట కదా, ఎవరో ఐలమ్మ? మీకు ఎరుకేనా?"

"ఎరుకే. దినాం అద్దంల సూస్త."

"అయ్యో, ఎట్లుంటది మనిషి?"

"మంచిదే. నోరు జర ఎక్కువ." ఐలమ్మ చేతిలోని బస్సు టికెట్టును తిరగేసి చూసింది. "చేపకు ఉప్పు సరిపోయిందటనా?"

"బాగుందనే అన్నరట. ఇంకోటి తెప్పించుకున్నరట" అంది ఆమె, ఎంతో తెలిసినట్టు.

కామ్‌రేజ్ వచ్చింది. ఐలమ్మ దిగి, రోడ్డు దాటి హోటల్‌లోకి వెళ్లి, గుడ్డ తడిపి తొట్టి అద్దం తుడవడం మొదలుపెట్టింది. లోపల నాలుగు టేకు చేపలున్నాయి.